టికెట్టు లేని డోలు

కొంచెం దగ్గరికి జరగండప్పా. ఆ మూల మామిడికాయల రేటు గురించి మాట్లాడుకునేవాళ్ళు కాసేపు నోళ్ళు కట్టేసుకోండి, కాయలెక్కడికీ పోవు. పిల్లని ఎత్తుకున్న ఆ అమ్మని ముందుకు రానివ్వండి, కథలో డోలు మోగితే ఆ పిల్ల ఏడుపు ఆపుతుంది. ఫోన్లు జేబుల్లో పెట్టండి. ఈ కథలో ఒక ఫోనుంది, అదొక్కటి చాలు. నేను చెప్పేదాంట్లో ఒక్క అబద్ధం దొరికినా నాకు టీ ఇప్పించొద్దు. రెండు దొరికితే మాత్రం బన్ను కూడా ఇప్పించాలి, అంత కష్టపడి వెతికింది మీరైనా చెప్పింది నేను కదా.

చిత్తూరు కట్టమంచిలో దేవరాజులు, గోవిందు అని ఇద్దరు మేళగాళ్ళున్నారు. దేవరాజులు నాదస్వరం ఊదుతాడు. పొడుగ్గా, సన్నగా, తన నాదస్వరం లాగే ఉంటాడు. గోవిందు డోలు వాయిస్తాడు. ఆయన ఆకారం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మీసాలు మొలవని రోజుల నుంచి ఇద్దరిదీ ఒకే మేళం. దేవరాజులు కాణిపాకంలో ఊదితే మొగిలి ఘాట్‌లో ఎక్కుతున్న లారీలు గేరు మార్చుకుంటాయి. గోవిందు డోలు మీద చెయ్యి వేస్తే పక్క వీధిలో ఉట్టి మీది పెరుగు కవ్వం లేకుండానే మజ్జిగైపోతుంది.

ఇద్దరిలోనూ గోవిందుకు ఒక గర్వం ఉంది. అది గట్టిమేళం గర్వం. తాళి కట్టే క్షణంలో పెళ్ళి చేయించే అయ్యవారు వేలు పైకెత్తి ఊపుతాడే, అప్పుడు వాయించేది గట్టిమేళం. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, పాడుమాట అన్నా, అది పెళ్ళిజంట చెవిన పడకూడదు. డోలు దాన్ని తొక్కెయ్యాలి. "పెళ్ళిళ్ళలో తుమ్ములు లేక కాదప్పా," అంటాడు గోవిందు, "అన్నీ నా చేతి కింద పడి సచ్చినాయి. ఒక్కటి కూడా తాళి దాకా పోలేదు."

ఇలా ఉండగా బెల్లం మండీ సుబ్రమణ్యం శెట్టి తమ్ముడి కూతురు రూపశ్రీకి పెళ్ళి కుదిరింది. తమ్ముడి కాపురం కెనడాలో, టొరంటోలో. పెళ్ళి కూడా అక్కడే. "పెద్దనాయనా, మేళం మన చిత్తూరుదే కావాల," అని ఆ పిల్ల ఫోన్లో అడిగింది. శెట్టి వెంటనే ఇద్దర్నీ మండీకి పిలిచి, "ఇద్దరికీ టికెట్లు నావి," అని మాటిచ్చాడు. తిరుపతికి పోయి పాస్‌పోర్టులు తెచ్చుకున్నారు. వీసాలు కూడా వచ్చాయి.

గోవిందు ఆ రోజే ఉన్ని మంకీ క్యాప్ కొన్నాడు. చలికి ముందే అలవాటు పడాలని మే నెల ఎండలో అది పెట్టుకుని తిరిగాడు. ఆయన నడిచిన దారి పొడుగునా చెమట కారితే, కుక్కలు వెనకాలే వచ్చి దాహం తీర్చుకున్నాయి. భార్య కుప్పమ్మ కొళాయి దగ్గర బిందె పెట్టిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. "మా ఆయన మేఘాల మింద కూర్చోని కాఫీ తాగతాడంట," అని. కొళాయిలో నీళ్ళాగిపోయినా ఆ మాట ఆగలేదు.

ఇక టికెట్ల సంగతి. శెట్టి తన ఇంటివాళ్ళ టికెట్లు ముందే తీసుకున్నాడు. మేళగాళ్ళవి మాత్రం, వీసాలు వచ్చాక చూద్దామని ఆగాడు. వీసాలు వచ్చేసరికి ఎక్కడో రెండు దేశాలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. శెట్టి తిరుపతి బస్టాండు దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసుకు పోయాడు. అక్కడ కంప్యూటరు ముందు పల్లవి అనే అమ్మాయి కూర్చుని ఉంది.

"ఏం పాపా, టొరంటోకి ఏం రేటు నడస్తా ఉండాది? మాకేం అవసరం లేదు, ఊరికే అడుగుతా ఉండా."

పల్లవి చెప్పింది.

"అంతా? ఇదేం రేటు. బంగారు రెక్కలా దానికి?"

"రేటు నేను పెట్టేది కాదు సార్. కొట్లాట జరిగే దేశాల మింద విమానాలు ఎగరకూడదంట. సుట్టు తిరిగి పోవాల, నూనె జాస్తి కాల్తాది. ఇప్పుడే తీసేసుకోండి. రేపటికి ఇంకా పోతాది."

శెట్టి బెల్లం మండీలో పుట్టి పెరిగినవాడు. 'ఇప్పుడే తీసుకో' అనేవాడి దగ్గర సరుకు కరిగిపోతూ ఉంటుందని ఆయన లెక్క. కండువా దులుపుకుని మెల్లగా లేచాడు. వెనక నుంచి పిలుస్తుందని గుమ్మం దగ్గర ఒకసారి, మెట్ల మీద ఒకసారి ఆగాడు. బస్టాండు దాకా పోయి, బస్సు ఎక్కబోయి మళ్ళీ దిగాడు. ఎవరూ పిలవలేదు. మర్నాడు పోతే రేటు పెరిగి ఉంది. ఆయన మళ్ళీ అవసరం లేనట్టు ముఖం పెట్టాడు. రేటు మళ్ళీ పెరిగింది. ఆయన ఎంత బాగా ముఖం పెడితే అది అంత పెరిగింది.

ఆఖరికి ఒకరోజు పాతకాలం ఉపాయం తీశాడు. వెనకటికి మండీల్లో కండువా కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసేవాళ్ళు, పక్కవాడికి రేటు తెలియకుండా. శెట్టి పోయి ఆ కంప్యూటరు మీద కండువా కప్పి, కింద చెయ్యి పెట్టి వేళ్ళు నొక్కాడు.

"సార్, అది కీబోర్డు," అంది పల్లవి. "మీరిప్పుడు ఆఫ్రికాకి నొక్కినారు."

"ఆడికి రేటు తక్కువా?"

"సార్."

శెట్టి తెలివితేటలన్నీ అయిపోయేసరికి, మొదట్లో రెండు టికెట్లకు సరిపోయే డబ్బుకు ఒక్క టికెట్టు వచ్చింది. అదీ మూడుచోట్ల దిగి ఎక్కేది.

ఇద్దర్నీ మళ్ళీ మండీకి పిలిచాడు. బెల్లం దిమ్మల మధ్య కూర్చోబెట్టి, ఈగలు తోలుకుంటూ చెప్పాడు.

"ఒకరే పోవాలప్పా. నాదస్వరం లేకుండా పెండ్లి కాదు కదా, దేవరాజులు పోనీ. డోలుకు ఆడేదో పెట్టె ఉండాదంట. బటన్ నొక్కితే దానంతట అదే వాయిస్తాదంట."

గోవిందు మంకీ క్యాప్ గడ్డం దాకా లాక్కుని, ఇంటికి నడిచి వచ్చేశాడు.

ఆ రోజు మొదలు ఆయనకు కడుపులో మంట అంటుకుంది. మామూలు మంట కాదు. చల్లటి మజ్జిగ తాగితే, గొంతు దిగేలోపే కాగిపోయి ఆవిరి ముక్కులోంచి వచ్చింది. ఉతికిన దుప్పట్లు కుప్పమ్మ ఎండలో వెయ్యకుండా ఆయన పడుకున్న మంచం పక్కన ఆరేసింది. ఆయన అటు తిరిగి పడుకుంటే అటుపక్కవి, ఇటు తిరిగితే ఇటుపక్కవి ఆరాయి.

"ఆ టోపీ తీసెయ్యరాదా," అంది కుప్పమ్మ. "పొయ్యేదే లేదు కదా, ఇంక అదెందుకు?"

"నా తల, నా టోపీ. దీనికి కూడా సెట్టి పర్మిషన్ కావాల్నా?"

"నన్నంటే ఏమొస్తాది. కొళాయి కాడికి పోలేక నేను నీళ్ళు కొనుక్కోని తాగతా ఉండా."

దేవరాజులు బయల్దేరే రోజు చెప్పిపోదామని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వస్తానురా గోవిందూ. ఏమన్నా తేవాల్నా?"

"కిటికీ సీటా నీది?"

"తెల్దురా. పోతే కదా తెలిసేది."

"కిటికీ సీటే ఇస్తారు. నీకన్నీ అట్లే దొరకతాయి. ఊదేది నువ్వు, కాబట్టి అందురూ నీ ముఖమే సూస్తారు. కొట్టేవాడు పక్కన ఉండాడా సచ్చినాడా, ఎవరికి పట్టింది?"

"నేనడిగినానా నాకు టికెట్టు కావాలని?"

"వద్దనీ అనలేదు కదన్నా."

దేవరాజులు నాదస్వరం సంచి భుజాన వేసుకుని మద్రాసు బస్సు ఎక్కాడు.

ఆయన ప్రయాణం ఒక పురాణం. విమానాశ్రయంలో మిషను లోపల నాదస్వరం తుపాకీ గొట్టంలా కనబడిందట. వాయిద్యమని రుజువు చెయ్యమన్నారు. ఆయన అక్కడే నిలబడి ఒక్క ఊపిరి ఊదాడు. అది విమానం పిలుపనుకుని జనం లైను కట్టేశారు. సింగపూరు పోవాల్సినవాళ్ళు, దుబాయ్ పోవాల్సినవాళ్ళు అందరూ ఆయన వెనకే నిలబడ్డారు. వాళ్ళని విడదియ్యడానికి పోలీసులు రావాల్సి వచ్చింది. విమానంలో నాదస్వరాన్ని పసిపిల్లలా ఒళ్ళో పడుకోబెట్టుకుంటే, పక్కసీటామె దానికి జోల కూడా పాడిందట. మొదటి ఊళ్ళో దిగి గడ్డం గీసుకున్నాడు, రెండో ఊళ్ళో దిగేసరికి మళ్ళీ మొలిచింది. మూడో ఊరి పేరు ఆయనకు ఇప్పటికీ తెలియదు.

దిగిన ప్రతిచోటా ఫొటో తీసి పంపాడు. గోవిందు వాటిని చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. ప్రతి ఫొటో రెండుసార్లు చూశాడు. అన్నం పెట్టిన బల్ల ఫొటో అయితే వేళ్ళతో పెద్దది చేసి, గిన్నెలో ఉన్నది పప్పా కూరా అని కూడా చూశాడు.

పెళ్ళి ఆదివారం. శనివారం సాయంత్రం గోవిందు ఫోను మోగింది. తెర మీద దేవరాజులు ముఖం పీక్కుపోయి ఉంది.

"గోవిందూ, ఇప్పుడే ఆ పెట్టెతో వాయించి సూసినామురా. దానికి ముందూ లేదు, ఎనకా లేదు. నేను ఊపిరి తీసుకుంటే అది ఆగదు. కుండలో కప్ప మాదిరి టుక్కుటుక్కుమంటా అది దాని దారిన పోతా ఉండాది. నాకు ఊపిరే నిలబడలేదు."

"అట్లనా. విమానంలో అన్నం బాగా పెట్టినారు కదా."

"ఆ మాట ఇడిసిపెట్టు. రేపు నువ్వు ఫోన్లో వాయించాల. ఈడ పెద్ద స్పీకరుకు తగిలిస్తామంటా ఉండారు."

"ఎన్ని గంటలకి లగ్నం?"

"ఈడ పొద్దున ఎనిమిది. అంటే నీకు సాయంత్రం ఐదున్నర."

గోవిందు ముఖం వారం తర్వాత మొదటిసారి వెలిగింది.

"ఆదివారం ఐదున్నరంటే రాహుకాలం కదన్నా. రాహుకాలంలో నేను డోలు ముట్టనని నీకు తెల్సు."

"లగ్నం ఈడరా. ఈడ రాహుకాలం లేదు."

"నా చేతులు ఈడుండాయి. నీకు టికెట్టు ఉండాది, నువ్వు ఆడికి పోయినావు. నా చేతులకి టికెట్టు లేదు కదా. అవి ఈడి రాహుకాలంలోనే ఉండాల."

దేవరాజులు తెరకు ఇంకా దగ్గరగా వంగాడు. "గోవిందూ, రేపు వేలు లేచినప్పుడు పక్కన డోలు పలక్కపోతే నేను మళ్ళీ నాదస్వరం పట్టను. ఇంత దూరమొచ్చి నలుగురి ముందర నవ్వులపాలైనాక, ఇంక మనకి మేళం ఏముంటాది?" అన్నాడు.

కుప్పమ్మ వెనక నుంచి ఫోను లాక్కుంది. "వాయిస్తాడన్నా. నువ్వు నిమ్మళంగా ఉండు," అని పెట్టేసి, మొగుడి వైపు తిరిగింది. "రాహువు కాదు నిన్ను పట్టింది. ఏడుపు."

గోవిందు లోపల ఒక నిర్ణయానికి వచ్చేశాడు. రేపు డోలు పెట్టుకుని కూర్చుంటాడు. వేలు లేచినప్పుడు చెయ్యి ఎత్తడు. అడిగితే సిగ్నల్ పోయిందంటాడు. కిటికీ సీటులో కూర్చుని పోయినవాడికి అప్పుడు తెలుస్తుంది, పక్కనుండేవాడు ఎవడో.

మర్నాడు సాయంత్రం నవాబ్ టీకొట్టు ముందు బెంచీ వేశారు. వీధి మొత్తంలో సిగ్నల్ బాగా దొరికేది అక్కడే. గోవిందు మంకీ క్యాప్ పెట్టుకుని, ఒళ్ళో డోలు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా బిస్కెట్ల జాడీకి ఆనించి ఫోను పెట్టింది కుప్పమ్మ. వీధివీధంతా వచ్చి వెనక నిలబడింది.

తెరలో సుబ్రమణ్యం శెట్టి కోటు వేసుకుని కనబడ్డాడు. "గోవిందూ, ఇదిగో సూడు, నీ కుర్చీ," అని ఫోను తిప్పి చూపించాడు. దేవరాజులు ఎడమ పక్కన ఒక కుర్చీ. దాని మీద పట్టు శాలువా పరిచారు. కూర్చునే చోట ఫోను పెట్టడానికి ఒక చిన్న స్టాండు.

"నా కుర్చీలో ఫోను కూర్చుంటాదంట," అని పళ్ళు కొరికాడు గోవిందు. ఆయనకు ఇప్పుడు దేవరాజుల మీద కన్నా ఆ ఫోను మీద కుళ్ళు ఎక్కువైంది. అది కూడా కెనడాలోనే ఉంది మరి.

శెట్టి ఫోనును స్టాండు మీద పెట్టాడు. మంటపం, పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, ముందు వరస చుట్టాలు కనబడ్డారు. దేవరాజులు ఊదడం మొదలుపెట్టాడు. ఆ పాట చెవిన పడగానే గోవిందు వేళ్ళు లుంగీ మీద ఆడసాగాయి. ఆయన వాటిని తిట్టి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, చేతులు యాడ పెట్టినావు?" అంది కుప్పమ్మ.

"తిమ్మిరెక్కినాయి."

అయ్యవారు తాళి తీసి పెళ్ళికొడుకు చేతికిచ్చాడు. వేలు పైకి లేచింది. ఊగింది. దేవరాజులు ఊదుతూనే తల ఎడమకు తిప్పి కుర్చీ వైపు చూశాడు. ఇన్నేళ్ళూ అలా తిరిగినప్పుడల్లా అక్కడ గోవిందు ఉన్నాడు. ఇప్పుడూ ఉంటాడనే చూశాడు. నాదస్వరం ఒంటరిగా పైకి పోయి, అక్కడ వణికింది.

గోవిందు కదల్లేదు. చేతుల మీద ఇంకా బరువు వేసి కూర్చున్నాడు.

అప్పుడు ముందు వరసలో పెళ్ళికొడుకు మేనమామ ముఖం మారడం మొదలుపెట్టింది.

ఆయన తుమ్ము సామాన్యమైన తుమ్ము కాదు. తుమ్ముల్లో అది జమీందారు. ముందు కళ్ళు మూతలు పడ్డాయి. తర్వాత ముక్కు పెద్దదైంది. తర్వాత నోరు తెరిచి, పైకప్పు వైపు చూస్తూ, అతిథి కోసం చూసినట్టు తుమ్ము కోసం ఎదురుచూశాడు. పక్కన కూర్చున్నవాళ్ళ జుట్టు అప్పుడే ఆయన వైపు వంగింది, లోపలికి లాగే గాలికి. కట్టమంచిలో ఉన్నవాళ్ళు వక్క నమిలి ఊసి వచ్చేంత సేపు పట్టింది అది తయారవడానికి. ఇటు తాళి రూపశ్రీ మెడ దగ్గరికి వస్తోంది. అటు తుమ్ము పెదాల దగ్గరికి వస్తోంది.

గోవిందుకు టికెట్టు గుర్తు లేదు, కిటికీ సీటు గుర్తు లేదు, రాహుకాలం గుర్తు లేదు. ఒక తుమ్ము తాళి మీదికి పోతోంది. తొడల కింద నుంచి చేతులు ఎప్పుడు లేచాయో ఆయనకే తెలియదు.

కొట్టాడప్పా. ఆ దెబ్బకు నవాబ్ టీకొట్టులో గ్లాసులు లేచి నిలబడ్డాయి. గ్లాసుల్లోని టీ లేచి మళ్ళీ కెటిల్లోకి పోయింది. మండీలో బెల్లం దిమ్మలు పొడైపోయాయి. మామిడితోపుల్లో కోతకు రాని కాయలు కూడా రాలి, కింద పడేలోపు పండాయి. టొరంటోలో పోయిన చలికాలం నుంచి కరగని మంచు ఏదో కొంచెం మూలల్లో దాక్కుని ఉంటే, అది కూడా జారిపోయింది. మేనమామ తుమ్మాడు. తుమ్మినట్టు ఆయన ముక్కుకు తప్ప ఎవరికీ తెలియలేదు. తాళి పడింది.

మేళం ఆగాక దేవరాజులు ఫోను వైపు వంగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"వచ్చినావా," అన్నాడు, పెళ్ళికి బస్సు తప్పి ఆలస్యంగా వచ్చినవాణ్ణి అడిగినట్టు.

"నువ్వు ఊదు," అన్నాడు గోవిందు.

కథ ఇక్కడ అయిపోతుందనుకుంటారు. కుళ్ళు అంత తొందరగా అయిపోయేది కాదు. అది మనిషిని మార్చుకుంటుంది, అంతే.

మళ్ళీ ఆదివారం దేవరాజులు తిరిగొచ్చాడు. నవాబ్ కొట్టు ముందు గోవిందు శాలువా కప్పుకుని టీ తాగుతున్నాడు. కుర్చీ మీద పరిచిన ఆ పట్టు శాలువానే, శెట్టి ముందే వచ్చి ఇచ్చిపోయాడు. దేవరాజులు కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. మంటతో ఆయన ముఖం ఎర్రగా ఉంది.

"మూడు దేశాల్లో దిగి ఎక్కినా. కాళ్ళు సూడు, గుమ్మడికాయలు. పెండ్లి అయినాక అందురూ లైను కట్టుకోని వచ్చి నాకు దండం పెడతారనుకుంటి. ఆ ఫోనుకు పెట్టినారురా. ఆకేసి దాని ముందర లడ్డు వడ్డించినారు. పెండ్లికూతురు ఆ ఫోను పక్కన నిలబడి ఫొటో తీసుకునింది. నన్ను రవంత పక్కకు జరగమనింది."

"నీకేమిచ్చినారు?"

"తాళంచెవి తగిలించుకునే బిళ్ళ."

గోవిందు శాలువా సర్దుకున్నాడు. ఒక గుటక టీ తాగాడు. ఆఖరికి అడగాల్సింది అడిగాడు.

"కిటికీ సీటు ఇచ్చినారా, లేదా?"

"ఇచ్చినారు."

"మరి."

"రెక్క మింద పడిందిరా అది. ఈడినించి ఆడి దాకా ఇనుప రేకు సూసుకుంటా పోయినా. మేఘం ముక్క కనపడితే ఒట్టు."

గోవిందు మెల్లగా మంకీ క్యాప్ తీశాడు. నెల రోజుల తర్వాత ఆయన తలకు గాలి తగిలింది. శాలువా ఒక కొస లాగి దేవరాజుల భుజం మీద వేశాడు, సగం కన్నా కొంచెం తక్కువే. దేవరాజులు దాన్ని తన వైపు ఇంకొంచెం లాక్కున్నాడు. గోవిందు ఇటు లాక్కున్నాడు.

"పలమనేరు పెండ్లికి కిటికీ సీటు నాది," అన్నాడు గోవిందు.

"బస్సు రానీ, సూస్తాం."

నవాబ్ ఇంతసేపూ టీ వడగట్టడం ఆపి, జల్లెడ పట్టుకుని ఆలోచిస్తూ నిలబడ్డాడు.

"అదంతా సరే భాయ్," అన్నాడు, "నాకొకటి సమజ్ కాలేదు. అంత లావు తుమ్ము గోవిందన్న చేతి కింద పడేదానికి ఆడినించి ఈడిదాకా టికెట్టు లేకుండా వచ్చింది కదా. తిరిగి పోయేటప్పుడు బెల్లం దించిన లారీ మాదిరి ఖాళీగానే పోయుంటాది. గోవిందన్న దాంట్లో ఎక్కేసుంటే అయిపోయేది."